చెరసాలలో సోదరత్వం: ‘రౌద్రం రణం రుధిరం’ చిత్రంలో విధేయత, రుణం, విడుదల

సమస్య

ఒక మనిషి రెండు కట్టుబాట్లకు లోబడి ఉండి, ఆ రెండూ ఒకే రోజున ఒకే చోట ఎదురుపడినప్పుడు దేన్ని నిలుపుకోవాలి, దేన్ని వదులుకోవాలి అన్నది నీతిశాస్త్రంలో పాత ప్రశ్న. తెలుగు సాహిత్యానికి ఇది ధర్మసంకటమన్న పేరుతో పరిచితం. ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో 2022 మార్చి 25న విడుదలైన ‘రౌద్రం రణం రుధిరం’ ఈ ప్రశ్నను చెరసాల గోడల మధ్యకు తెచ్చింది. ‘ఆర్ఆర్ఆర్’గా లోకానికి తెలిసిన ఈ చిత్రం గురించి చర్చ ఎక్కువగా రెండు దారుల్లో సాగింది. చంద్రబోస్ రాసిన పాటకు 2023లో ఆస్కార్ పురస్కారం రావడం ఒకటి, అల్లూరి సీతారామరాజు, కొమరం భీమ్‌ల చరిత్రను కల్పనగా మార్చడంలోని ఔచిత్యం మరొకటి. ఆ రెండింటి మధ్య చిత్రం నిలబడిన నైతిక ఇరుసు అంతగా చర్చకు రాలేదు. తన ఆశయం కోసం మిత్రుణ్ణి చెరలో వేసి, కొరడాతో కొట్టినవాణ్ణి ఆ దెబ్బలు తిన్నవాడే చెర నుంచి విడిపిస్తాడు. అన్నదమ్ములని పిలుచుకునే ఈ ఇద్దరి మధ్య ఎవరు ఎవరికి ఏమి బాకీ పడ్డారు? ఆ బాకీ తీరిందా? ఈ వ్యాసం పరిశీలించేది ఈ ప్రశ్ననే.

మాటలు చెప్పే తేడా

విధేయత అన్న మాటలో ఆజ్ఞ ఉంది. విధించేవాడొకడు, విధికి లోబడేవాడొకడు ఉంటేనే అది పొసగుతుంది. వ్యవహారంలో దీనికి దగ్గరగా వాడే విశ్వాసం కూడా ‘ఉప్పు తిన్న విశ్వాసం’ అన్నప్పుడు కింది నుంచి పైకే చూస్తుంది. యజమాని సేవకుడి పట్ల విశ్వాసంగా ఉన్నాడని తెలుగువారు సాధారణంగా అనరు. సోదరత్వం ఇందుకు భిన్నమైనదనీ, అందులో హెచ్చుతగ్గులు లేవనీ అనిపిస్తుంది. కాని వాడుక మాటలను పరికిస్తే ఆ అభిప్రాయం నిలవదు. సోదరుడు సంస్కృతం నుంచి వచ్చిన గ్రంథస్థమైన మాట, ఒకే గర్భాన పుట్టినవాడని దాని అర్థం. తోబుట్టువులో వయోభేదం లేదు గాని, ఆ మాటతో ఎవరూ ఎవరినీ పిలవరు. పిలవవలసి వచ్చినప్పుడు తెలుగులో అన్న ఉన్నాడు, తమ్ముడు ఉన్నాడు. వట్టి సోదరుడు లేడు. ఎవరినైనా అన్నా అని పిలిచిన క్షణంలో ఆప్యాయతతో పాటు ఒక మెట్టు కూడా ఏర్పడుతుంది. ఆస్తిలో భాగస్తుడని అర్థమున్న ‘దాయాది’ వ్యవహారంలో పగవాడికి పర్యాయమైపోవడం వేరే కథ. రక్తబంధం దానంతటదే నీతికి పూచీ కాదని భాషకు తెలుసుననడానికి మాత్రం అది ఆధారం.

విధేయతకూ సోదరత్వానికీ మధ్య ఘర్షణకు రామాయణంలోని ఇద్దరు తమ్ముళ్ళు ప్రసిద్ధ ఉదాహరణ. కుంభకర్ణుడు రావణుడి తప్పును ముఖాన చెప్పి, చెప్పిన తరువాత కూడా అతని పక్షాన యుద్ధానికి వెళ్ళి మరణిస్తాడు. విభీషణుడు తప్పును చెప్పి, వినకపోయేసరికి అన్నను వదిలి వెళతాడు. భక్తి సంప్రదాయం విభీషణుణ్ణి శరణాగతికి ఆదర్శంగా నిలిపింది. లోకవ్యవహారం మాత్రం ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్న సామెతలో అతణ్ణి ఈనాటికీ బోనులోనే నిలబెట్టి ఉంచింది. పురాణం చెప్పిన తీర్పును సామెత ఒప్పుకోలేదన్నమాట. ధర్మం కోసం సోదరుణ్ణి విడిచినవాడు చేసినది సరైన పనే అయినా అతని చేతికి ఏదో అంటుకొని ఉంటుందన్న జనాభిప్రాయమే ‘ఆర్ఆర్ఆర్’లోని రాముడి పాత్రను అర్థం చేసుకోవడానికి అక్కరకొచ్చే తాళపుచెవి.

చెర వేసినది ఎవరు?

చెర నుంచి సోదరుణ్ణి తప్పించే కథ ఇటీవలి ప్రపంచ దృశ్యమాధ్యమంలో బాగా ప్రచారం పొందింది. అమెరికాలో ఫాక్స్ ఛానెల్ 2005 ఆగస్టు 29 నుంచి ప్రసారం చేసిన ‘ప్రిజన్ బ్రేక్’ ధారావాహిక అందుకు ప్రసిద్ధ ఉదాహరణ. చేయని హత్యకు మరణశిక్ష పడిన అన్న లింకన్ బరోస్‌ను తప్పించడానికి తమ్ముడు మైకేల్ స్కోఫీల్డ్ కావాలని నేరం చేసి అదే జైలుకు వెళతాడు. జైలు పటాన్ని తన ఒంటిమీదే పచ్చబొట్టుగా పొడిపించుకుంటాడు. అక్కడ సోదరత్వం కథకు ముందే ఉన్న వాస్తవం. అది ప్రశ్నకు గురికాదు. ఆ సోదరత్వం కోసం మిగతా ఖైదీలను ఎంతవరకు వాడుకోవచ్చు, వారికిచ్చిన మాటకు ఎంత విలువ అన్నదే అక్కడి నైతిక సమస్య. చెరసాల మాత్రం అన్నదమ్ములిద్దరికీ పరాయిది, దాన్ని కట్టినవారు వేరు, కాపలా కాసేవారు వేరు.

తెలుగు భక్తి సంప్రదాయంలో దీనికి సమాంతరంగా నిలిచే కథ ఒకటి ఉంది. భద్రాచల దేవాలయం కోసం ప్రభుత్వ ధనాన్ని ఖర్చు చేసిన కంచెర్ల గోపన్న గోలకొండ చెరలో మగ్గుతుండగా, రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ అన్న పేర్లతో తానీషా వద్దకు వచ్చి పైకం చెల్లించి అతణ్ణి విడిపించారని ఐతిహ్యం. చిత్తూరు నాగయ్య 1964లోను, కె. రాఘవేంద్రరావు 2006లోను ఈ కథను తెరకెక్కించారు. ఇక్కడ చెరను తెరిచేవారు అన్నదమ్ములు, తెరిచే సాధనం ఆయుధం కాదు, బాకీ చెల్లింపు. అప్పు తీరితేనే చెర తెరుచుకుంటుందన్న ఈ భావన తెలుగు ప్రేక్షకుడి మనసులో లోతుగా నాటుకొని ఉంది.

‘ఆర్ఆర్ఆర్’ ఈ రెండు నమూనాల నుంచీ ఒక ముఖ్యమైన విషయంలో తప్పుకుంటుంది. ఇందులో రాముడు, భీమ్ రక్తసంబంధీకులు కారు. మంటల్లో చిక్కుకున్న ఒక బాలుణ్ణి వంతెన మీద కలిసి కాపాడటంతో వారి మైత్రి మొదలవుతుంది. రెండవది ఇంకా కీలకం: ఆ సోదరుల్లో ఒకడే చెరసాలకు ఉద్యోగి. భీమ్‌ను పట్టినవాడు, కట్టినవాడు, కొట్టినవాడు రాముడే. అందువల్ల ఇక్కడ చెర సోదరత్వాన్ని బయటినుంచి పరీక్షించే స్థలంగా మిగలదు, సోదరత్వం లోపలి నుంచే పుట్టుకొస్తుంది.

పాముకాటు, కొరడా, పాట

కథాక్రమంలో నైతికంగా బరువైన ఘట్టాలు మూడు. మొదటిది పాముకాటు. ఆదిలాబాదు అడవుల నుంచి బ్రిటిష్ గవర్నరు దంపతులు ఎత్తుకుపోయిన మల్లి అనే గోండు బాలికను తీసుకుపోవడానికి భీమ్ ఢిల్లీలో అఖ్తర్ పేరుతో తలదాచుకుంటాడు. అతణ్ణి పట్టుకునే పనిని తలకెత్తుకున్న పోలీసు అధికారి రాముడు భీమ్ అనుచరుడు లచ్చును హింసించి రహస్యం రాబట్టడానికి ప్రయత్నిస్తాడు. లచ్చు నోరు విప్పడు, పైగా రాముడు పాముకాటుకు గురయ్యేలా చేస్తాడు. ప్రాణాపాయంలో ఉన్న రాముణ్ణి అడవి వైద్యంతో బతికించేది భీమ్. బతికించడంతో ఆగక, తానెవరో, ఎందుకు వచ్చాడో కూడా చెప్పేస్తాడు. తన మనిషిని హింసించిన చేతికే మందు రాశానని అతనికి తెలియదు. ఈ ఘట్టం చిత్రంలో వేగంగా గడిచిపోతుంది గాని, తరువాత జరిగే ప్రతిదానికీ పునాది ఇదే. భీమ్ ఇక్కడ రాముడికి ప్రాణం, నమ్మకం రెండూ ఇచ్చాడు. ప్రాణానికి బదులు ప్రాణం ఇవ్వవచ్చు. నమ్మకానికి బదులు ఏమివ్వాలన్న ప్రశ్నకు చిత్రం చివరిదాకా సమాధానం వెతుకుతూనే ఉంటుంది.

రెండవ ఘట్టం బహిరంగంగా కొరడాదెబ్బల శిక్ష. భీమ్‌ను పట్టుకున్నందుకు రాముడికి పై పదవి లభిస్తుంది, ఆ పదవి అతణ్ణి ఆయుధాగారానికి దగ్గర చేస్తుంది. తన ఊరి ప్రతి చేతికీ తుపాకి అందిస్తానని తండ్రికిచ్చిన మాట అతని విధేయతకు మూలం. కాబట్టి మిత్రుడి వీపుమీద పడే ప్రతి దెబ్బా తండ్రికిచ్చిన మాటలో ఒక వాయిదా చెల్లింపు. ఈ లెక్కలో తప్పు ఎక్కడుంది? భావోద్వేగంతో కాక తర్కంతో దీనికి సమాధానం చెప్పాలంటే అమెరికన్ తత్త్వవేత్త జొసాయా రాయిస్ 1908లో ప్రచురించిన ‘ది ఫిలాసఫీ ఆఫ్ లాయల్టీ’ కొంత తోడ్పడుతుంది. ఒక ఆశయానికి మనిషి ఇష్టపూర్వకంగా, ఆచరణలో, సంపూర్ణంగా అంకితం కావడాన్నే రాయిస్ విధేయత అంటాడు. అయితే అంకితభావం ఉన్నంత మాత్రాన ఆశయం మంచిది కాజాలదు. ఇతరుల విధేయతను ధ్వంసం చేసేది చెడ్డ ఆశయం, లోకంలో విధేయత అనే గుణాన్నే పెంచేది మంచి ఆశయం. విధేయతకే విధేయంగా ఉండటమన్నది అతని ప్రమాణం.

ఈ ప్రమాణంతో చూస్తే రాముడి తప్పు మిత్రద్రోహంతో ముగియదు. భీమ్ కూడా ఒక మాటకు కట్టుబడినవాడే. మల్లి తల్లికి, తన తెగకు అతను జవాబుదారీ. రాముడు తన మాట నిలుపుకోవడానికి మరొకడి మాటను తెగగొడుతున్నాడు. ఊరి కోసం చేసే పని మరొక ఊరి బిడ్డను పరాయి కోటలో వదిలేసేదైతే అది ఏ ఊరి కోసమన్నది ప్రశ్నార్థకమవుతుంది. లక్ష్యం పెద్దది, బాలిక ఒక్కతే అన్న సంఖ్యాగణితం ఇక్కడ పనికిరాదు. ఒక్క బిడ్డ ఒక్కతే అనుకున్న చోట వేయిమంది బిడ్డలు కూడా చివరికి అంకెలుగానే మిగులుతారు.

రాముణ్ణి మార్చింది జాలి కాదన్నది ఈ ఘట్టంలో గుర్తించవలసిన విశేషం. సుద్దాల అశోక్‌తేజ రాసిన పాటను పాడుతూ మోకరిల్లడానికి నిరాకరించిన భీమ్‌ను చూసి జనం తిరగబడతారు. తుపాకులు అందితేగాని జనం లేవరని రాముడు నమ్మాడు. చేతిలో ఏమీ లేని మనిషి జనాన్ని లేపాడు. ఆశయం పట్ల రాముడి నిష్ఠ సడలలేదు, ఆశయాన్ని గురించిన అతని అవగాహన తప్పని తేలింది. మిత్రుడి మీద ప్రేమతో ఆశయాన్ని వదులుకున్నాడని గాని, ఆశయం కోసం మిత్రుణ్ణి వదులుకున్నాడని గాని చెప్పడానికి వీలులేని మూడవ స్థితి ఇది. ధర్మసంకట కథల్లో పరిష్కారం సాధారణంగా త్యాగం వల్ల వస్తుంది. ఇక్కడ తెలివిడి వల్ల వచ్చింది. విజయేంద్రప్రసాద్ కథలో ఇంతకు మించిన ఆలోచన ఉన్న చోటు మరొకటి లేదు.

దెబ్బ తిన్నవాడి పశ్చాత్తాపం

మూడవ ఘట్టం చెర విడుదల. ఉరితీతను నగరం వెలుపల జరిపించేలా, మల్లిని అక్కడికి రప్పించేలా రాముడు పథకం వేసి ఇద్దరినీ తప్పిస్తాడు. అతని ఉద్దేశం తెలియని భీమ్ అతణ్ణి శత్రువనుకొనే దెబ్బ వేస్తాడు. గాయపడిన రాముడు పట్టుబడి చెరపాలవుతాడు. కొన్ని నెలల తరువాత, అజ్ఞాతంలో ఉన్న భీమ్‌కు రాముడి కోసం నిరీక్షించే సీత తారసపడి అసలు సంగతి చెబుతుంది. విన్న భీమ్ కుమిలిపోతాడు. రాముణ్ణి అర్థం చేసుకోలేకపోయిన తన అమాయకత్వాన్నే నిందించుకుంటాడు.

ఇక్కడ చదువరి ఒక్క క్షణం ఆగాలి. పశ్చాత్తాపం ఎవరు ప్రకటించవలసి ఉంది, ఎవరు ప్రకటించారు? భీమ్ వేసిన దెబ్బ అపార్థం వల్ల పడింది. రాముడి కొరడా అన్నీ తెలిసే పడింది. రెండూ ఒకటి కావు. అయినా కన్నీళ్ళు, ఆత్మనింద దెబ్బలు తిన్నవాడి వంతయ్యాయి. రాముడి పక్షాన చెప్పదగిన సమాధానం ఒకటి ఉంది. అతను క్షమాపణను మాటల్లో కాక చేతల్లో చెప్పాడు, ఉరికొయ్య నుంచి తప్పించడం, బదులుగా తాను చెరకు వెళ్ళడం ప్రాయశ్చిత్తానికి తక్కువేమీ కాదు. ఈ సమాధానం బలమైనదే. కాని ప్రాయశ్చిత్తానికీ క్షమాపణకూ తేడా ఉంది. ప్రాయశ్చిత్తం చేసుకునేవాడు తన పాపంతో తాను లెక్క సరిచూసుకుంటాడు, అందుకు అవతలి మనిషి అక్కరలేదు. క్షమాపణ అడిగేవాడు అవతలివాడి ముందు నిలబడి, కాదనే హక్కు అతని చేతికిస్తాడు. సోదరత్వానికి కావలసింది ఈ రెండవది. చిత్రం భీమ్‌కు ఆ హక్కు ఇవ్వలేదు. సీత నోట నిజం తెలిసేసరికే అతను క్షమించేశాడు. అంతకంటే ఎక్కువగా, క్షమించవలసిందేదో ఉందన్న సంగతినే మరిచాడు.

దీనికి కారణం కథనంలో అంతర్లీనంగా ఉన్న పురాణ చట్రం. సీత వార్తను మోసుకొని, శత్రువు కోట దాటి రాముడి వద్దకు చేరి, అతణ్ణి భుజాన ఎత్తుకొని పోరాడే భీమ్ ఎవరు? భారతంలోని భీముడు కాడు, రామాయణంలోని హనుమంతుడు. వాయుపుత్రులుగా హనుమ, భీముడు అన్నదమ్ములే కాబట్టి ఈ మార్పిడి పురాణ తర్కానికి విరుద్ధం కూడా కాదు. అరణ్యపర్వంలో సౌగంధిక పుష్పం కోసం వెళ్ళిన భీముడికి హనుమ ఎదురుపడిన కథ తెలిసిన ప్రేక్షకుడికి ఇది సహజంగానే తోస్తుంది. కాళ్ళు విరిగినంత పనైన రాముడు భుజాలమీద, అతని చేతుల్లో రెండు తుపాకులు, కింద రెండు కాళ్ళుగా భీమ్: ఇద్దరు కలిసి ఒక్క దేహమైన ఈ దృశ్యం చిత్రానికి ఆయువుపట్టు. ఇద్దరిలో ఎవరూ ఒంటరిగా తప్పించుకోలేరన్న భావం అందులో గొప్పగా పండింది. అదే సమయంలో ఎవరు పైన, ఎవరు కింద అన్నది కూడా అందులోనే స్థిరపడింది. హనుమకు రాముడి నుంచి క్షమాపణ ఆశించే అవసరం ఏ కథలోనూ రాదు, భక్తుడికి ప్రభువు బాకీ పడటమన్నది ఉండదు కనుక. సోదరత్వంగా మొదలైన బంధం చెరసాల వద్దకు వచ్చేసరికి దాస్యభక్తిగా రూపుమార్చుకుంది.

ఫిల్మ్‌నగర్ తూకం

అయితే చిత్రం పైకి చూడటానికి సమానత్వ కథగానే ఎందుకు కనిపిస్తుంది? దీనికి సమాధానం పురాణంలో కాక, చిత్రం పుట్టిన పరిశ్రమలో వెతకాలి. మద్రాసు నుంచి తరలివచ్చిన తెలుగు చిత్రపరిశ్రమకు హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలు స్థిరనివాసం. వాణిజ్యమండలి కార్యాలయం, రామానాయుడు, పద్మాలయ స్టూడియోలు అక్కడివే. ఈ పేర్లలోనే అన్నదమ్ముల కథలకు, విప్లవవీరుడి కథకు సంబంధించిన పరిశ్రమ జ్ఞాపకం దాగి ఉంది. డి. రామానాయుడి సురేష్ ప్రొడక్షన్స్ తొలి చిత్రం 1964లో తాపీ చాణక్య దర్శకత్వంలో వచ్చిన ‘రాముడు భీముడు’. విడిపోయిన కవలలు ఒకరి స్థానంలోకి ఒకరు వెళ్ళి అన్యాయాన్ని చక్కదిద్దే ఆ కథలో ఇద్దరి పాత్రలనూ ఎన్.టి. రామారావే ధరించారు. పద్మాలయ సంస్థ కృష్ణతో 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ తీసింది. రాముడు, భీముడు అన్న జంటపేర్లు, అల్లూరి గాథ ఈ విధంగా పరిశ్రమకు ముందునుంచే ఇంటి సొత్తు.

ఆనాటి ‘రాముడు భీముడు’లో ఇద్దరు సోదరులు ఒకే నటుడు కావడం వల్ల ఎవరి వంతు ఎంత అన్న సమస్య లేదు. ‘ఆర్ఆర్ఆర్’ నాటికి ఇద్దరు నటులు, ఇద్దరూ పరిశ్రమలోని రెండు పెద్ద కుటుంబాల వారసులు. అభిమానుల విధేయత వారసత్వంగా సంక్రమించే చోట, ఒక హీరో మరొక హీరోను కాపాడితే ఆ రెండవ హీరో తిరిగి మొదటివాణ్ణి కాపాడక తప్పదు. ఒకరి పరిచయానికి నిప్పు, మరొకరి పరిచయానికి నీరు. ఒకరు మంటల మధ్య వస్తే మరొకరు మృగాల మధ్య రావాలి. చెరసాల విషయంలోనూ ఇదే తూకం పాటించారు: మొదట రాముడు భీమ్‌ను తప్పించాలి, తరువాత భీమ్ రాముణ్ణి తప్పించాలి. కథలోని పరస్పరత్వంలో కొంత భాగం నైతిక దృష్టి నుంచి, మరికొంత ఈ వ్యాపార గణితం నుంచి వచ్చింది. దీన్ని తప్పుపట్టవలసిన పని లేదు. సంస్కృత నాటకానికైనా రాజాస్థానపు లెక్కలు ఉండేవి. పైగా ఈ తూకం వల్ల చిత్రానికి ఒక మేలు జరిగింది. ఆదివాసి పాత్ర నాయకుడి అనుచరుడిగా కుంచించుకుపోకుండా సమాన నిడివి గల నాయకుడిగా నిలిచింది. నటుల మధ్య సాధించిన ఈ సమానత పాత్రల మధ్య ఎంతవరకు దిగిందన్నదే ప్రశ్న.

పాత్రల భాషలోనే దీనికి కొంత జవాబు దొరుకుతుంది. రాముడు మాట్లాడేది ప్రామాణిక తెలుగు, భీమ్ మాట్లాడేది తెలంగాణ తెలుగు. బుర్రా సాయిమాధవ్ సంభాషణల్లో భీమ్ మాటకు ఎంతో మార్దవం ఉంది, ఆ మాండలికాన్ని హాస్యానికి కేటాయించే పాత అలవాటును ఈ చిత్రం పాటించకపోవడం మెచ్చదగినదే. కాని చారిత్రక భీమ్ గోండు. గోండీ ద్రావిడ కుటుంబానికి చెందిన వేరే భాష. తెరపై గోండులందరూ తమలో తాము కూడా తెలుగే మాట్లాడుకుంటారు. సోదరులిద్దరి మధ్య ఉండవలసిన భాషాంతరం ఈ విధంగా ఒకే భాషలోని మాండలిక భేదంగా తగ్గిపోయింది.

చదువు అడిగిన తమ్ముడు

చిత్రాంతంలో రాముడు భీమ్‌ను ఏం కావాలని అడుగుతాడు. భీమ్ చదువు కావాలంటాడు. రాముడు జెండా మీద జల్, జంగల్, జమీన్ అన్న మాటలు రాస్తాడు. రుణవిమోచన దృష్టితో చూస్తే చిత్రం తన ప్రశ్నకు ఇచ్చుకున్న సమాధానం ఇదే. నమ్మకానికి బదులు చదువు. చదువు గొప్ప కానుక, అందులో సందేహం లేదు. కాని ఈ ఇచ్చిపుచ్చుకోలులో ఒక చిక్కు ఉంది. జల్, జంగల్, జమీన్ అన్నది కొమరం భీమ్ పేరుతో, జోడేఘాట్ పోరాటంతో ముడిపడిన నినాదం. ఆ నినాదం భీమ్ నోట పుట్టి రాముడి చేత రాయబడటం కాదు, రాముడి చేతి నుంచే భీమ్‌కు అందినట్టుగా దృశ్యం సాగుతుంది.

జనశ్రుతి, దాని ఆధారంగా వచ్చిన రచనలు చెప్పే భీమ్ జీవితం ఇందుకు పూర్తిగా భిన్నం. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన నవల ద్వారా తెలుగు పాఠకులకు చేరువైన ఆ కథలో భీమ్ ఊరు విడిచి చాందా ప్రాంతానికి వెళ్ళి, విఠోబా అనే అచ్చుయంత్రం నడిపే వ్యక్తి దగ్గర చదవడం రాయడం నేర్చుకుంటాడు. అక్కడి నుంచి అస్సాం తేయాకు తోటలకు వెళతాడు. కూలీల పక్షాన నిలిచినందుకు అక్కడ చెరపాలై, కొద్ది రోజుల్లోనే తప్పించుకొని స్వస్థలానికి చేరతాడు. చెర నుంచి తప్పించుకున్న కథ, అక్షరాలు నేర్చిన కథ రెండూ భీమ్‌కు సొంతంగానే ఉన్నాయన్నమాట. చిత్రం మొదటిదాన్ని ఇద్దరికీ పంచింది, రెండవదాన్ని అతని నుంచి తీసుకొని రాముడి చేతికిచ్చింది. ఆదిలాబాదు జిల్లాలోని గుంజాల గ్రామంలో గోండీ లిపిలో రాసిన పాత రాతప్రతులు బయటపడటం, ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చోటు సంపాదించడం దీనికి జోడించి చూడవలసిన విషయాలు. ఆ అడవులకు అక్షరం ఎప్పుడూ బయటినుంచే రాలేదు.

ఇది కల్పన అని దర్శకుడు మొదటినుంచీ చెబుతూనే ఉన్నాడు. ఇద్దరు వీరులూ యవ్వనంలో కొంతకాలం ఇంటికి దూరంగా గడిపారన్న సామ్యం చిత్రబీజమని 2019లోనే ప్రకటించాడు. కల్పనకు చరిత్రను కొలబద్దగా పెట్టడం న్యాయం కాదు. ఇక్కడి ఆక్షేపణ చారిత్రక సత్యం గురించినది కూడా కాదు. కల్పన చేసే స్వేచ్ఛ ఉన్నప్పుడు ఏ దిశలో కల్పించారన్నది నైతిక ప్రశ్న. విషం తీసినవాడు భీమ్, నమ్మి నిజం చెప్పినవాడు భీమ్, చెర తెరిచి మోసినవాడు భీమ్. ఇన్ని ఇచ్చినవాడు చివరికి అడిగేవాడిగా కనిపించాలంటే, అతనికి ముందే ఉన్నదాన్ని లేదనిపించక తప్పలేదు.

రంపలో ఒక విడుదల

రాముడి పాత్రకు మూలమైన అల్లూరి సీతారామరాజు జీవితంలో కూడా ఒక చెర విడుదల ఉంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై మన్యం వీరులు దాడి చేశారు. ఆయుధాల కోసం జరిగిన దాడులవి. రాజవొమ్మంగిలో ఆయుధాలతో పాటు ఒక మనిషి కూడా దొరికాడు, అంతకుముందే తిరుగుబాటు చేసి అక్కడ బందీగా ఉన్న వీరయ్యదొర. రాజు దళం అతణ్ణి విడిపించింది, అతను దళంలో చేరాడు. తుపాకి, మనిషి రెండింటిలో ఏది ముఖ్యమన్న ప్రశ్న ఆ రోజున తలెత్తలేదు, ఒకే తలుపు వెనక రెండూ ఉన్నాయి గనుక. చిత్రంలో రాముడు నాలుగేళ్ళు గింజుకున్న సంకటానికి చరిత్రలో ఇంత సాదా రూపం ఉండటం ఆసక్తికరం. వీరయ్యదొర రాజుకు పాత బాకీదారు కాడు, చేరదీసిన తమ్ముడూ కాడు. రాజు మన్యంలో అడుగుపెట్టక ముందు నుంచే ఆ నేల మీద ఫితూరీల చరిత్ర ఉంది, దొర ఆ చరిత్రకు చెందినవాడు. విడిపించినవాడు విడుదలైనవాడి పోరాటంలోకే వచ్చి చేరాడని కూడా దీన్ని చదవవచ్చు.

అదే దళంలో తోడబుట్టిన అన్నదమ్ములు ఉన్నారు, గాము గంటందొర, గాము మల్లుదొర. రంప తిరుగుబాటుపై వచ్చిన కావ్యాలు, నాటకాలు, చిత్రాలలో వీరిద్దరూ రాజు అనుచరులుగానే కనిపిస్తారు. వారి మధ్య ఉన్న సోదరత్వం మీద ప్రత్యేకంగా దృష్టి నిలిపిన రచన అరుదు. మల్లుదొర 1923లో పట్టుబడ్డాడు. రాజు 1924 మే 7న కాల్చివేతకు గురయ్యాడు. అన్న గంటందొర మరుసటి నెలలో పోరాడుతూ మరణించాడు. తమ్ముణ్ణి విడిపించుకునే అవకాశం అన్నకు రాలేదు. దీర్ఘకాలం శిక్ష అనుభవించి చెర నుంచి బయటికి వచ్చిన మల్లుదొర, 1952లో విశాఖపట్నం నియోజకవర్గం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.